ముందు మూలం, తర్వాత కామా: సైటేషన్ శైలుల విషయంలో విద్యామండళ్లకు, అధ్యాపకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యామండళ్ల సభ్యులకు, శాఖాధిపతులకు, పరిశోధన పర్యవేక్షకులకు, విద్యార్థుల పేపర్లు దిద్దే అధ్యాపకులందరికీ నమస్కారం.

నేను ఒక కళాశాల గ్రంథాలయంలో పనిచేస్తాను. సెమిస్టర్ చివరి వారాల్లో మా దగ్గరికి వచ్చే విద్యార్థుల్లో ఎక్కువమంది పుస్తకం కోసం రారు, రిఫరెన్సులు ఎలా రాయాలో అడగడానికి వస్తారు. ఏ కోర్సుకు ఏ సైటేషన్ శైలి (అంటే మూలాల వివరాలు రాసే పద్ధతి) వాడాలో శాఖలే ముందుగా రాతపూర్వకంగా చెప్పాలని కోరుతూ మా గ్రంథాలయం తరఫున అన్ని శాఖలకూ వినతిపత్రం పంపాం. తర్వాత గుర్తు చేశాం. విద్యార్థి ప్రతినిధులు విడిగా సంతకాలు సేకరించి ఇచ్చారు. ‘పరిశీలనలో ఉంది’ అన్న మాట తప్ప ఇంకేమీ రాలేదు. ఆ పరిశీలన సాగుతుండగానే మరో బ్యాచ్ మార్కులు పోగొట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

మీ ముందు ఎన్ని పేపర్ల కట్టలుంటాయో మాకు తెలుసు, మీ మీద గౌరవమూ ఉంది. కానీ లోపలి దారిలో అడిగితే వినిపించలేదు కాబట్టి ఈసారి నలుగురిలో అడుగుతున్నాను. ముందు జరుగుతున్నదేమిటో చెబుతాను.

1. శైలి పేరు చెప్పరు, చెప్పినా సగమే చెబుతారు. ‘రిఫరెన్సులు ప్రామాణిక పద్ధతిలో ఉండవలెను’ అని అసైన్‌మెంట్ కాగితం మీద ఒక వాక్యం ఉంటుంది. ఏది ప్రామాణికం? మనస్తత్వ శాస్త్రం, విద్యాశాస్త్రం వాళ్లకు ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ శైలి). సాహిత్యం వాళ్లకు ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ శైలి). చరిత్ర వాళ్లకు షికాగో. వైద్యానికి వాంకూవర్, ఎలక్ట్రానిక్స్‌కు ఐట్రిపుల్ఈ. న్యాయశాస్త్రంలో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఆస్కోలా ఒకటి, 1926 నుంచి అమెరికాలో నడుస్తున్న బ్లూబుక్ ఇంకొకటి. వీటన్నిటిలో ఏదో ఒకటి విద్యార్థి తనంతట తానే ఊహించుకోవాలి.

పేరు చెప్పినచోట కూడా చిక్కు తీరదు. ‘షికాగో’ అంటే రెండు వేర్వేరు పద్ధతులు: ఒకటి పాదసూచికలతో, అంటే పుట అడుగున వేసే గమనికలతో నడిచేది, రెండోది బ్రాకెట్లో రచయిత పేరూ సంవత్సరమూ పెట్టేది. రెండూ ఒకే నియమాల గ్రంథంలో ఉంటాయి, రెండూ షికాగోనే. ఇక ‘హార్వర్డ్’ అని రాసి ఊరుకునే శాఖల సంగతి మరీ విచిత్రం. హార్వర్డ్‌కు అందరూ ఒప్పుకునే అధికారిక నియమావళి అంటూ ఒకటి లేదు. 1881లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ తన వ్యాసంలో రచయిత పేరు, సంవత్సరం బ్రాకెట్లో వేశాడనీ, అక్కడి నుంచే ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. ఆ పేరు పెట్టుకుని ఇప్పుడు ఒక్కో విశ్వవిద్యాలయం ఒక్కో నమూనా తయారు చేసుకుంది. సంవత్సరానికి బ్రాకెట్ ఉండాలా వద్దా, పేరు తర్వాత కామా ఉండాలా వద్దా అన్నవాటిలోనే తలో దారి. మా విద్యార్థి ఇంటర్నెట్‌లో మొదట కనబడిన హార్వర్డ్ పట్టుకుంటాడు, మీ మనసులో ఉన్న హార్వర్డ్ వేరు. మార్కులు మాత్రం మీ మనసులో ఉన్నదాని ప్రకారం పడతాయి.

2. కూర్పులు (ఎడిషన్లు) మారాయి, దిద్దే చేతులు మారలేదు. దీనికి ఒక్క ఉదాహరణ చాలు. పుస్తకం ప్రచురించిన ఊరి పేరు తీసుకోండి. ఒకప్పుడు దాదాపు ప్రతి శైలిలోనూ ఊరు, రెండు చుక్కలు, ప్రచురణ సంస్థ అన్న వరుస తప్పనిసరి. 2016లో వచ్చిన ఎంఎల్ఏ ఎనిమిదో కూర్పు, 1900 తర్వాతి పుస్తకాలకు ఊరు అక్కర్లేదంది. 2019 చివర్లో వచ్చిన ఏపీఏ ఏడో కూర్పు ఊరిని పూర్తిగా తీసేసింది. 2024లో వచ్చిన షికాగో పద్దెనిమిదో కూర్పు కూడా ఊరు తప్పనిసరి కాదంది. వైద్యరంగంలోని వాంకూవర్ మాత్రం ఇప్పటికీ ఊరు అడుగుతుంది. ఇవన్నీ తెలుసుకుని ఏపీఏ ఏడో కూర్పు ప్రకారం ఊరు లేకుండా రాసిన అమ్మాయి పేపరు మీద ఎర్ర సిరాతో ‘ప్రచురణ స్థలం ఏది?’ అని రాసి, ప్రతి పుస్తకం పక్కనా సున్నా చుట్టిన పేజీ నేను కళ్లారా చూశాను. ఆ అమ్మాయి రాసింది సరైనదే, తప్పు పట్టిన నియమానికే కాలం చెల్లింది. ఆ మాట వెళ్లి చెప్పే ధైర్యం ఏ విద్యార్థికి ఉంటుంది? ఇంటర్నల్ మార్కులు మీ చేతిలోనే ఉన్నాయి కదా.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ముగ్గురు రచయితల వ్యాసాన్ని ఏపీఏ ఆరో కూర్పు ప్రకారం మొదటిసారి ముగ్గురి పేర్లతోనూ చెప్పాలి, రెండోసారి నుంచి ‘తదితరులు’ అంటే చాలు. ఏడో కూర్పులో మొదటిసారి నుంచే ‘తదితరులు’. చివరి జాబితాలో ఆరో కూర్పు ఏడుగురి దాకా పేర్లు రాయమంది, ఏడోది ఇరవై మంది దాకా రాయమంటోంది. పాత కూర్పు చదువుకున్న గురువుగారు, కొత్త కూర్పు చదువుకున్న విద్యార్థి ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరూ పుస్తకం ప్రకారమే మాట్లాడుతున్నట్టు. నష్టపోయేది మాత్రం ఒక్కరే.

3. ఇన్ని శైలులు ఎందుకున్నాయో ఎవరూ చెప్పరు. నా ఫిర్యాదుల్లో అన్నిటికన్నా బరువైనది ఇదే. అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

1953 ఏప్రిల్‌లో ‘నేచర్’ పత్రికలో వాట్సన్, క్రిక్ రాసిన డీఎన్ఏ వ్యాసం అందరికీ తెలిసిందే. 171వ సంపుటి, 4356వ సంచిక, 737, 738 పుటలు. దాన్నే ఏపీఏలో రాస్తే మొదట వాట్సన్, జె. డి., తర్వాత క్రిక్, ఎఫ్. హెచ్. సి., వెంటనే బ్రాకెట్లో 1953, ఆ తర్వాతే శీర్షిక, పత్రిక, సంపుటి, పుటలు. ఎంఎల్ఏలో మొదటి రచయిత పేరు మాత్రమే తిరగేస్తారు, రెండో ఆయన పేరు మామూలు వరుసలో ఎఫ్. హెచ్. సి. క్రిక్ అనే ఉంటుంది. శీర్షిక కొటేషన్ గుర్తుల్లోకి వెళ్తుంది, సంవత్సరం చివరికి జరిగి పుటల పక్కన కూర్చుంటుంది. వాంకూవర్‌లో వాట్సన్ జెడి, క్రిక్ ఎఫ్‌హెచ్ అని చుక్కలు కూడా లేకుండా కుదించి, చివర 1953;171(4356):737-8 అని ఖాళీ లేకుండా అతికిస్తారు. వ్యాసం మధ్యలో దాన్ని ప్రస్తావించాల్సివస్తే ఏపీఏ వాళ్లు పేర్లతోపాటు 1953 అంటారు, ఎంఎల్ఏ వాళ్లు పేర్లతోపాటు 737 అంటారు, వాంకూవర్ వాళ్లు ఉత్త (1) అంటారు.

విద్యార్థికి ఇది అర్థంలేని తంతులా కనబడుతుంది. కారణం చెబితే అలా కనబడదు. మనస్తత్వ శాస్త్రంలో ఒక ప్రయోగం ఎప్పటిది అన్నది ముఖ్యం. పాత ఫలితాన్ని కొత్తది కొట్టేసి ఉండవచ్చు, అందుకే సంవత్సరం కంటికి ముందు కనబడాలి. సాహిత్యంలో ఒక పద్యం గురించి వాదిస్తున్నప్పుడు అది ఏ పుటలో ఉందో చూసి సరిపోల్చుకోవాలి, అందుకే పుట సంఖ్య ముందుకొస్తుంది. చరిత్రకారుడికి ఆధారం ఒక్కోసారి పుస్తకమే కాదు. ప్రాచ్యలిఖిత భాండాగారంలో ఒక పెట్టెలో ఒక కట్టలో ఉన్న తేదీ లేని ఉత్తరం కావచ్చు. ఆ వివరాలన్నీ వాక్యం మధ్యలో కుక్కితే వాక్యం మునిగిపోతుంది. పాదసూచికలో అయితే వివరమూ పడుతుంది, ‘ఈ తేదీ మీద నాకు అనుమానం ఉంది’ అని ఒక మాట చేర్చుకోవడానికి చోటూ ఉంటుంది. వైద్య వ్యాసంలో ఒక్కో వాక్యానికి పది అధ్యయనాలు ఆధారంగా ఉండవచ్చు. పది పేర్లు బ్రాకెట్లో పెడితే వైద్యుడికి అసలు విషయం కనబడదు, అందుకే అంకెలు. 1978లో కొందరు వైద్యపత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవర్‌లో కలుసుకున్నదే తమ పత్రికలకు వచ్చే వ్యాసాలకు ఒకే రకం నియమాలు ఉండాలని.

ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఒక తరగతి గంట కూడా పట్టదు. చెప్పిన తర్వాత విద్యార్థి అడిగే ప్రశ్నే మారిపోతుంది. ‘ఇక్కడ కామానా, చుక్కనా’ అని అడిగేవాడు ‘దీన్ని చదివేవాడికి ముందుగా ఏం తెలియాలి’ అని అడుగుతాడు. మా గ్రంథాలయంలో చెప్పిన ప్రతిసారీ ఇదే చూశాను. కానీ మా దగ్గరికి వచ్చేసరికి పేపరు గడువు మర్నాడో ఆ మర్నాడో ఉంటుంది.

4. ఒకే విద్యార్థి, మూడు శాఖలు. వేర్వేరు శాఖల కోర్సులు కలిపి చదవమని ప్రోత్సహిస్తున్నది మీరే, మంచిదే. అదే సెమిస్టర్‌లో ఆ అబ్బాయి ఒక పేపరు ఏపీఏలో, ఒకటి పాదసూచికల్లో, ఒకటి అంకెల్లో రాయాలి. ఒకదాని అలవాటు ఇంకోదానిలోకి జారడం సహజం. దాన్ని ‘అజాగ్రత్త’ అని రాస్తున్నారు.

5. రూపానికి మార్కులు, ఆధారానికి తనిఖీ లేదు. ఒకసారి నిదానంగా ఆలోచించండి. రిఫరెన్సు ఎందుకు రాస్తాం? చదివేవాడు వెళ్లి ఆ మూలాన్ని పట్టుకోగలగాలి, అక్కడ మనం చెప్పిన మాట నిజంగా ఉందో లేదో చూసుకోగలగాలి. మిగతాదంతా దాని కోసం పెట్టుకున్న ఏర్పాటే. ఇప్పుడు పేపర్లు దిద్దే తీరు చూస్తే వాలు అక్షరాలు ఉన్నాయా, చుక్క బ్రాకెట్ లోపలా బయటా అన్నవి క్షుణ్ణంగా చూస్తున్నారు. ఆ వ్యాసం అసలు ఉందా, ఉంటే అందులో ఆ మాట ఉందా అని తెరిచి చూసేవాళ్లు అరుదు.

దీని ఫలితం ఈమధ్య బాగా ముదిరింది. అడిగిందే తడవుగా వ్యాసాలు రాసిపెట్టే ఏఐ పరికరాలు రిఫరెన్సులు కూడా రాసిపెడతాయి. వాటిలో కొన్ని లోకంలో ఎక్కడా లేనివి. రచయిత పేరు నమ్మేలా ఉంటుంది, పత్రిక నిజంగానే ఉంటుంది, సంపుటి, సంచిక, పుటలు అన్నీ నియమం ప్రకారం ఉంటాయి. వ్యాసం మాత్రం ఉండదు. 2023లో న్యూయార్క్‌లోని ఒక ఫెడరల్ కోర్టులో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ పుట్టించిన తీర్పులను నిజమైనవిగా దాఖలు చేసి, 5,000 డాలర్ల జరిమానా కట్టాల్సివచ్చింది. ఆ తీర్పుల సైటేషన్లు పైపైన చూస్తే పద్ధతి ప్రకారమే ఉన్నాయి. అవతలి పక్షం వాళ్లు ఆ తీర్పుల కోసం వెతికారు కాబట్టి బయటపడింది.

మన తరగతి గదుల్లో ఎవరు వెతుకుతున్నారు? ఇప్పటి పద్ధతిలో లేని వ్యాసాన్ని చక్కటి ఏపీఏలో రాసినవాడికి పూర్తి మార్కులు. మూడు రోజులు మా గ్రంథాలయంలో కూర్చుని పాత పత్రికల సంపుటాలు తిరగేసి, పుట సంఖ్యతో సహా సరిగ్గా పట్టుకొచ్చి, సంవత్సరాన్ని తప్పు చోట రాసినవాడికి కోత. రెండోవాడు మళ్లీ ఆ సంపుటాల జోలికి పోతాడా? పోడు. మీరు నేర్పాలనుకోని పాఠాన్ని మీ మార్కులే నేర్పుతున్నాయి.

6. రూపంలో తప్పును దొంగతనంగా చూస్తున్నారు. ఇతరుల మాటను తనదిగా చూపించడం తప్పు, దానికి శిక్ష ఉండాల్సిందే. కానీ మూలం పేరు చెప్పి, కొటేషన్ గుర్తులు పెట్టి, పుట సంఖ్య మరిచిపోవడం వేరు. పెద్ద ఉల్లేఖనను విడి పేరాగా వేయకపోవడం వేరు. ఆ హద్దు కూడా శైలిని బట్టి మారుతుంది: ఏపీఏలో నలభై పదాలు, ఎంఎల్ఏలో వచనమైతే నాలుగు పంక్తులు దాటితే. పోలిక చూపే సాఫ్ట్‌వేర్‌లో రిఫరెన్సుల జాబితాను మినహాయించే మీట నొక్కకుండా తీసిన శాతం పట్టుకుని విద్యార్థిని పిలిచి నిలదీయడం నాకు తెలుసు. రిఫరెన్సుల జాబితా ఇతరుల జాబితాలతో పోలకపోతేనే అనుమానించాలి! అదే పుస్తకాన్ని అదే శైలిలో రాస్తే అవే అక్షరాలు వస్తాయి మరి. ఒకసారి ఆ మాట పడ్డాక పిల్లలు మళ్లీ తలెత్తి ప్రశ్న అడగరు. ఇంట్లో చెప్పుకోలేరు కూడా.

7. మన భాషలోని ఆధారాలకు ఏ నమూనా చూపించరు. ఈ నియమావళులన్నీ ఇంగ్లీషు పుస్తకాలను దృష్టిలో పెట్టుకుని పుట్టినవి. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత వచ్చే రచయితను రిఫరెన్సు సాఫ్ట్‌వేర్‌లో పెడితే, అది చివరి మాటే ఇంటిపేరు అనుకుని పేరును తిరగేస్తుంది. ఇంకో పుస్తకానికి అదే రచయితను చేత్తో సరిగ్గా ఎక్కిస్తే జాబితాలో ఒకే మనిషి రెండు చోట్ల ఇద్దరిలా కూర్చుంటాడు. శీర్షికలో ఏ అక్షరాలు పెద్దవి, ఏవి చిన్నవి అన్న నియమం మన లిపికి వర్తించదు. అది వర్తించదని కాగితం మీద రాసిన శాఖను నేను చూడలేదు. ముద్రణ సంవత్సరం లేని పుస్తకాలు మా అరల్లో ఎన్నో. వాటికి ‘తేదీ లేదు’ అని రాయవచ్చని తెలియక, అట్ట మీద గ్రంథాలయం వేసిన చేర్పు తేదీనే ప్రచురణ సంవత్సరంగా రాసిన పరిశోధకులున్నారు. ఏపీఏ అయితే ఇతర భాషల పుస్తకానికి మూల శీర్షిక ఇచ్చి, పక్కన చదరపు బ్రాకెట్లలో దాని అనువాదం ఇమ్మంటుంది. ఆ సంగతి తెలియని విద్యార్థి శీర్షికను అనువదించి ఊరుకుంటాడు. అప్పుడు ఆ పుస్తకాన్ని ఏ కేటలాగులో వెతికినా దొరకదు.

ఇక ‘పైదే’, అంటే ‘పై పాదసూచికలో చెప్పిన పుస్తకమే’. తెలుగు సిద్ధాంత గ్రంథాల్లో పాదసూచికల నిండా ‘పైదే, పుట ఫలానా’ అని ఉంటుంది. చదవడానికి హాయిగానే ఉంటుంది. గైడు గారు మధ్యలో ఒక పాదసూచిక కొత్తగా చేర్చమన్న రోజు, దాని కింద ఉన్న ‘పైదే’లన్నీ తప్పుడు పుస్తకాన్ని చూపించడం మొదలుపెడతాయి. షికాగో పదిహేడో కూర్పు 2017లోనే ఇలాంటి పద్ధతికి బదులు రచయిత పేరు, కుదించిన శీర్షిక వాడటమే మేలంది. మనం ఇంకా ‘పైదే’ రాయనందుకు అభ్యంతరం చెబుతున్నాం.

పెద్దవాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడి సమాచారం సేకరించినవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. రికార్డు ఎక్కడా అందుబాటులో లేని సంభాషణను ఏపీఏ చివరి జాబితాలోకి రానివ్వదు, వ్యాసం మధ్యలో చెప్పి వదిలేయమంటుంది. ఎంఎల్ఏ జాబితాలో పెట్టమంటుంది. ఏది పాటించినా ఎవరో ఒక పరీక్షకుడికి అది లోపమే.

8. భారం అందరి మీదా సమానంగా పడదు. ఇంట్లో ముందు తరంలో ఎవరూ పరిశోధన పేపరు రాయనివాళ్లు, పగలు ఉద్యోగం చేసి రాత్రి చదువుకునేవాళ్లు, సొంత కంప్యూటర్ లేక ఫోన్‌లోనే టైపు చేసేవాళ్లు ఇందులో ముందు దెబ్బతింటారు. అంకెల శైలిలో నలభై రిఫరెన్సులున్న పేపర్లో మూడో చోట ఒకటి కొత్తగా చేరిస్తే మిగతావన్నీ జరగాలి. సాఫ్ట్‌వేర్ తెలిసినవాడికి అది క్షణంలో పని, తెలియనివాడికి ఒక రాత్రి. రిఫరెన్సులను సర్దిపెట్టే జొటెరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ 2006 నుంచి ఉంది. అది వాడుకునే శైలుల భాండారంలో పదివేలకు పైగా శైలులున్నాయి. దాని పేరు కూడా వినకుండా పీజీ పూర్తి చేసిన వాళ్లను రోజూ చూస్తాం. వినకపోవడం వాళ్ల తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు. చివరికి డబ్బు తీసుకుని రిఫరెన్సులు సర్ది ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్తారు. అక్కడ సర్దేవాళ్లు ఒక్కోసారి లేని పుట సంఖ్యలు కూడా సర్దుతారు.

ఇవీ వాస్తవాలు. మేం అడుగుతున్నవి ఇవి.

1. ప్రతి కోర్సు వివరపత్రం మొదటి పేజీలో శైలి పేరు, కూర్పు సంఖ్య, షికాగో అయితే రెండు పద్ధతుల్లో ఏది అన్నది రాయాలి. హార్వర్డ్ అంటే ఎవరి హార్వర్డో చెబుతూ నమూనా పత్రం జత చేయాలి. రాయని కోర్సులో శైలి పేరు మీద ఒక్క మార్కు కూడా కోయకూడదు.

2. డిగ్రీ స్థాయి పేపర్లలో, ఒక పేపరంతా ఒకే శైలి పాటిస్తే ఏదైనా ఒప్పుకోవాలి. అంతర్జాతీయ పత్రికలు కొన్ని వ్యాసం మొదట పంపేటప్పుడు రిఫరెన్సులు ఏ రూపంలో ఉన్నా, ఒకే తీరుగా ఉంటే చాలంటున్నాయి. అచ్చుకు తీసుకున్నాక రూపం సంగతి చూస్తున్నాయి. వాళ్లు చూపే ఉదారత మొదటి సంవత్సరం విద్యార్థి మీద మనం చూపించకూడదా?

3. రిఫరెన్సులకు కేటాయించే మార్కులను విడదీయాలి. మూలం దొరుకుతుందా, చెప్పిన మాట అందులో ఉందా, సరైన చోట సైటేషన్ పెట్టారా అన్నవాటికి సింహభాగం. కామాలు, చుక్కలు, వాలు అక్షరాలకు నామమాత్రం. ఒకే పొరపాటు ఇరవై చోట్ల వచ్చినా ఒకసారే కోయాలి. దీన్ని అధ్యాపకుల ఇష్టానికి వదలకుండా మండలి తీర్మానంగా చేయాలి.

4. ప్రతి పేపర్లో కనీసం మూడు రిఫరెన్సులు తెరిచి చూడాలి. డీఓఐ (వ్యాసాన్ని ఇంటర్నెట్‌లో నేరుగా పట్టుకునే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే నిమిషం పని. లేకపోతే మా గ్రంథాలయానికి పంపండి, వెతికిపెట్టే బాధ్యత మాది. సిద్ధాంత గ్రంథాల మౌఖిక పరీక్షలో, ఎంచుకున్న కొన్ని మూలాలను చూపించమని అడగాలి. ఇది విద్యార్థుల మీద అనుమానంతో అడుగుతున్నది కాదు. నిజంగా చదివినవాడికి దీనివల్ల మేలే తప్ప కీడు లేదు.

5. రూపంలో లోపానికీ గ్రంథచౌర్యానికీ మధ్య గీత గీసి, ఉదాహరణలతో ప్రకటించాలి. మూలం పేరు చెప్పిన చోట వచ్చిన లోపాన్ని దిద్దుకోవడానికి ఒక అవకాశం ఇచ్చిన తర్వాతే ఏ చర్య అయినా. పోలిక శాతం తీసేటప్పుడు రిఫరెన్సుల జాబితానూ కొటేషన్లలో ఉన్న భాగాన్నీ ఎలా లెక్కించారో ఆ నివేదిక మీదే రాయాలి. విద్యార్థికి ఆ నివేదిక పూర్తి ప్రతి ఇవ్వాలి, కేవలం అంకె చెప్పి పంపకూడదు.

6. మొదటి సెమిస్టర్‌లోనే రిఫరెన్సుల మీద తరగతులు పెట్టాలి, హాజరు లెక్కలోకి రావాలి. శైలులు ఎందుకు వేరయ్యాయో ముందు చెప్పి, ఆ తర్వాత ఉచిత సాఫ్ట్‌వేర్ చేత పట్టించాలి. అది ఇచ్చిన ఫలితాన్ని గుడ్డిగా నమ్మకుండా దిద్దుకోవడం కూడా అప్పుడే నేర్పాలి. చెప్పడానికి మేం సిద్ధంగా ఉన్నాం, గంటలు ఇవ్వండి చాలు.

7. తెలుగు ఆధారాలకు ఒక నమూనా పత్రం తెలుగులోనే కావాలి. ఇంటిపేరు ముందుండే పేర్లు, సంవత్సరం లేని పుస్తకాలు, పత్రికల ఆదివారం అనుబంధాలు, శాసనాలు, తాళపత్రాలు, మౌఖిక సమాచారం, ఇవన్నీ ఎలా రాయాలో తెలుగు, చరిత్ర శాఖలవాళ్లూ మేమూ కూర్చుంటే తేలుతుంది. ముసాయిదా మా దగ్గర ఉంది. వినతిపత్రంతో పాటే పంపాం, మీ ఫైళ్లలో ఎక్కడో ఉండాలి.

8. కొత్త కూర్పు వచ్చినప్పుడు ఒక పూర్తి విద్యాసంవత్సరం పాటు పాతదీ కొత్తదీ రెండూ ఒప్పుకోవాలి. అప్పటికే సగం రాసిన సిద్ధాంత గ్రంథానికి మొదలుపెట్టిన నాటి కూర్పే చివరిదాకా వర్తించాలి.

వీటిలో మొదటిదీ అయిదోదీ అమలు చేయడానికి నిధులు అక్కర్లేదు, కొత్త పోస్టులు అక్కర్లేదు. ఒక సమావేశం, ఒక సర్క్యులర్ చాలు. ఆ రెండూ వచ్చే సెమిస్టర్ వివరపత్రాలు అచ్చుకు వెళ్లేలోగా జరగాలి. మిగతా ఆరింటి మీద ఏది ఒప్పుకుంటారో, ఏది ఒప్పుకోరో, ఎందుకో అంశాలవారీగా రాతపూర్వక జవాబు కావాలి. ‘పరిశీలనలో ఉంది’ అన్నదాన్ని ఈసారి జవాబుగా తీసుకోలేం. మీరు ఇచ్చిన జవాబును ఉన్నది ఉన్నట్టు గ్రంథాలయం నోటీసు బోర్డు మీద పెడతాం. రాకపోతే రాలేదని పెడతాం.

ఇట్లు,
విద్యార్థుల పక్షాన,
ఒక కళాశాల గ్రంథపాలకురాలు